పది తర్వాత రెండు

బోధన్ బస్టాండు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ షాపులో దీక్షిత డిజైనరు. యజమాని సాయిరాంకు ఆమె పనితనం మీద నమ్మకం ఉంది గాని, ఆమె పని చేసే వేగం మీద ఫిర్యాదు ఉంది. నెమ్మదిగా చేస్తోందని కాదు, మరీ తొందరగా చేసేస్తోందని.

ఫ్లెక్సీ అంటే ముఖాలు. ఒక్కో ముఖాన్ని గుండ్రంగా కత్తిరించి, కింద పేరు కొట్టి, వరసలో కూర్చోబెట్టేసరికి సగం రోజు పోయేది. దీక్షిత డిగ్రీలో నేర్చుకున్న పైథాన్‌తో ముప్ఫై లైన్ల ప్రోగ్రాం ఒకటి రాసుకుంది. జాబితాలో ఎవరి నంబరు ఎంతో ఆ నంబరే ఫొటోకు పేరుగా పెట్టి, అన్నీ ఒక ఫోల్డరులో వేస్తే చాలు. మొదటి ముఖం పెద్దగా, రెండో ముఖం దాని పక్కన సగం సైజులో, మిగిలినవన్నీ కింద చిన్న చిన్న గుండ్రాలుగా వాటంతట అవే కూర్చుంటాయి.

"చాయ్ సల్లారకముందే ఫ్లెక్సీ అయిపోతే కస్టమర్ మనకేం ఇజ్జత్ ఇస్తడు?" అనేవాడు సాయిరాం. "జర కష్టపడుతున్నట్టు కనిపియ్యి."

అందుకని దీక్షిత పని పూర్తయ్యాక కూడా కాసేపు స్క్రీను వైపు చూసి నిట్టూర్చడం అలవాటు చేసుకుంది.

ఆ సోమవారం కాలువ కింది రైతుల సంఘం వాళ్ల ఆర్డరు వచ్చింది. సంఘానికి మళ్లీ అధ్యక్షుడైన మల్లికార్జున్ మొక్కు తీర్చుకోవడానికి షిర్డీ వెళ్లాడు. గురువారం తిరిగొస్తాడు. ఆయనకు స్వాగతం చెబుతూ చౌరస్తాలో ఇరవై మూడు ముఖాల ఫ్లెక్సీ కట్టాలి. ఉపాధ్యక్షుడు చెంచురామయ్య తెల్ల కాగితం మీద తన చేత్తో జాబితా రాసి తెచ్చాడు. వర్ని దగ్గర కాలువ కింద పొలం ఉన్న కుటుంబం వాళ్లది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. జాబితాలో ఒకటి మల్లికార్జున్, రెండు తాను. తొమ్మిది దాకా పదవులున్నవాళ్లు. పదో నంబరు నుంచి మామూలు సభ్యులు.

"ఒక్కసారి అధ్యక్షుడు గారికి వాట్సాప్‌లో చూపించి, ఆయన ఊ అన్నాకే ప్రింటుకివ్వమ్మా," అని చెప్పి వెళ్లాడాయన.

దీక్షిత ఫొటోలకు నంబర్లు పెట్టి ప్రోగ్రాం నడిపింది. ఫ్లెక్సీ వచ్చింది. పెద్ద ముఖం మల్లికార్జున్‌దే, ఏ ముఖం కింద ఆ పేరే ఉంది. మిగతావాళ్లలో చెంచురామయ్యను తప్ప ఎవరినీ ఆమె చూడలేదు, ఆయన ఎక్కడ కూర్చున్నాడో వెతకలేదు. షిర్డీకి పంపింది. రెండు నిమిషాల్లో జవాబుగా బొటనవేలు గుర్తు వచ్చింది.

మంగళవారం పొద్దున ఫ్లెక్సీ చౌరస్తాలో లేచింది. పదకొండు గంటలకు చెంచురామయ్య షాపులోకి వచ్చాడు. మనిషి అరవలేదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, ఫోనులో ఫ్లెక్సీ ఫొటో తెరిచి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయీ, ఇందులో నేనెక్కడున్నానో చూపించు."

దీక్షిత వేలితో వెతికింది. కింద రెండో వరసలో మూడో గుండ్రం. కళ్లజోడు ఉండబట్టి గుర్తుపట్టింది.

"మరి అధ్యక్షుడి పక్కన నవ్వుతున్నదెవరు?"

పేరు చదివింది. రామ్‌దాస్.

రామ్‌దాస్ పదో నంబరు. వర్ని పక్క ఊళ్లో మూడెకరాల రైతు. సంఘం మీటింగులకు అందరికన్నా ముందు వచ్చి జంపఖానా పరిచేది అతనే. మైకు ముందు నిలబడి "హలో, హలో" అని మూడుసార్లు అని దిగిపోయేవాడు. ఆరేళ్లలో ఆ మైకులో అతను పలికిన మాటలు అవే.

దీక్షిత ఫోల్డరు తెరిచి, ప్రోగ్రాం ఫొటోలను ఏ వరసలో తీసుకుందో చూసింది. ఒకటి, పది, పదకొండు, పన్నెండు... పంతొమ్మిది. ఆ తర్వాత రెండు. కంప్యూటరు వాటిని అంకెలుగా కాకుండా మాటలుగా చూసింది. నిఘంటువులో పెట్టినట్టు మొదటి అక్షరాన్ని బట్టి సర్దింది. 'ఒకటి'తో మొదలయ్యేవన్నీ ముందు, 'రెండు'తో మొదలయ్యేవి వెనక. పదిని రాసేటప్పుడు మొదట వచ్చేది ఒకటే కదా. ఇంతకుముందు ఏ ఫ్లెక్సీలోనూ ముఖాలు తొమ్మిది దాటలేదు కాబట్టి ఈ తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు.

"అంకుల్, తప్పు నాది. ప్రోగ్రాంల..."

"నీదెందుకవుతుందమ్మా? అధ్యక్షుడికి చూపించావు కదా?"

"చూపించిన."

"ఏమన్నాడు?"

దీక్షిత వాట్సాప్ తెరిచి ఆ బొటనవేలు గుర్తు చూపించింది.

చెంచురామయ్య దాన్ని చాలాసేపు చూశాడు. "అర్థమైంది," అని లేచాడు. "పన్నెండేళ్లు వెనక తిరిగినందుకు బాగా చూపించాడు బొటనవేలు."

"అది కాదంకుల్, పది ముందొచ్చి రెండు ఎనక్కి పోయింది..."

"అదే కదమ్మా నేనూ అంటున్నాను," అని ఆయన మెట్లు దిగిపోయాడు.

సాయిరాం తల పట్టుకున్నాడు. "వేరేది కొడదాం గాని, ముందు గా రామ్‌దాసుకు చెప్పిరా. ఆయన గిట్ల ఊహలల్ల తేలుతుంటే మనకే పరేషాన్."

మధ్యాహ్నం దీక్షిత స్కూటీ మీద ఆ ఊరికి పోయింది. రామ్‌దాస్ ఇల్లు అడిగితే, అడగని వాళ్లు కూడా చూపించారు. వాకిట్లో పదిమంది కూర్చుని ఉన్నారు. రామ్‌దాస్ భార్య రాధాబాయి చాయ్ పోస్తూ, "పొద్దటి నుంచి గిది ఏడోసారి బిడ్డా, పాలు ఒడిసినయ్," అని దీక్షితకూ ఒక కప్పు ఇచ్చింది. ఆమె ముఖంలో మాత్రం విసుగేమీ లేదు.

రామ్‌దాస్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. దీక్షిత అతన్ని పశువుల కొట్టం వైపు తీసుకెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. చొక్కా పై గుండీ విప్పుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకూ అనుమానమే ఉండె," అన్నాడు చివరికి. "మల్లికార్జునన్నకు నా పూరా పేరు కూడ తెల్వది. గట్లాంటిది నన్ను పక్కకు కూసోబెట్టుకున్నడంటే... పొద్దుగాల అద్దంల సూసుకున్న బిడ్డా. ఏం కనవడ్డదో ఈయనకు నాల, అనుకున్న."

"సారీ కాకా," అంది దీక్షిత.

"ఈ ముచ్చట ఇంకెవరికన్న చెప్పినవా?"

"చెప్పబోయిన. రామయ్య అంకుల్ ఇనలే."

రామ్‌దాస్ వాకిలి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "మా కాలువ తూము షటరు తుప్పువట్టి బిగుసుకపోయింది. చివరి పొలాలకు నీళ్లు వస్తలేవు. పొద్దున ఊరికెనే ఇంజనీరుకు ఫోన్ జేసిన. నా పేరు చెప్పంగనే, 'చౌరస్తాల అధ్యక్షుడి పక్కన ఉన్నది మీరే కదా' అన్నడు. మీరు, అన్నడు బిడ్డా! రేపు మనుషులను తోలిస్తనన్నడు. జర రేపు పొద్దుమూకే దాకా ఆగుతవా?"

దీక్షిత ఆలోచించింది. రేపటి దాకా ఆగితే ఇంకో మనిషి ఇంకో రోజు బాధపడతాడు. ఆగకపోతే షటరు అలాగే ఉంటుంది.

"రేపు పొద్దుమూకే దాకనే," అంది.

బుధవారం నలుగురు మనుషులు గ్రీజు డబ్బా, గునపాలు పట్టుకుని వచ్చారు. షటరు మూడు గంటలు మొరాయించి, చివరికి ఊరంతా వినబడేలా కీచుమని లేచింది. చివరి పొలాలకు నీళ్లు పారాయి. ఆ చివరి పొలాల్లో నాలుగెకరాలు చెంచురామయ్యవి. ఆ సంగతి ఆయనకు పాలేరు ఫోను చేసి చెప్పాడు. అప్పటికి ఆయన రాజీనామా ఉత్తరం మూడో ప్రతి రాస్తున్నాడు.

గురువారం సంఘం ఆఫీసులో అందరూ చేరారు. షిర్డీ ప్రసాదం పంచుతున్న మల్లికార్జున్ చేతిలో చెంచురామయ్య ఉత్తరం పెట్టాడు. మల్లికార్జున్ దాన్ని చేయి చాచినంత దూరం పట్టుకుని చూసి, "గిదేం పత్రిక? ఎవరి లగ్గం?" అన్నాడు.

"రాజీనామా," అన్నాడు చెంచురామయ్య.

అప్పుడే దీక్షిత ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలికి వచ్చింది. జరిగిందంతా చెప్పింది. స్క్రీను మీద వరస చూపించింది. ఒకటి, పది, పదకొండు.

"మరి నీకు పంపింది కదా! బొటనవేలు పెట్టావు!" అన్నాడు చెంచురామయ్య.

"క్యూల నిలవడ్డ రామయ్యా. అద్దాలు బ్యాగుల ఉన్నయ్. పొద్దటి నుంచి ఏది వచ్చినా గదే పెడుతున్న. ఎవరో సచ్చిపోయిండ్రని పంపితే దానికీ గదే పెట్టిన, ఇంటోళ్లు తిట్టిండ్రు."

గదిలో ఎవరో నవ్వారు. చెంచురామయ్య నవ్వలేదు గాని కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "మళ్లీ ఇలా కాకుండా ఏం చేస్తావు?"

"అల్కగనే చెయ్యొచ్చు అంకుల్. తొమ్మిది దాకా ఉన్న నంబర్లకు ముందల సున్నా పెడితే వరస సక్కగొస్తది. మీది సున్నా రెండు అయితది."

"నా ముందు సున్నానా?" చెంచురామయ్య ముఖం మళ్లీ మారింది. "రామ్‌దాసుకో?"

"పదికి అవసరం లేదు."

"చూశారా? నాకు సున్నా, రామ్‌దాసుకు లేదు!"

"ఆగు, ఆగు," మల్లికార్జున్ ప్రసాదం పొట్లం కింద పెట్టాడు. "అంటే నాగ్గూడ సున్నానేనా?"

తొమ్మిదిమంది పదవులవాళ్లూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సంఘంలో ఇంత ఐకమత్యం ఈమధ్య కనబడలేదు.

దీక్షిత గబగబా అందుకుంది. "వద్దు, సున్నాలు వద్దు. ఇంకో తీరుంది. ఇవి మాటలు కావు, అంకెలు అని ప్రోగ్రాంల ఒక్క ముక్క రాస్తే చాలు." అక్కడే కూర్చుని రాసింది. మళ్లీ నడిపింది. ఒకటి, రెండు, మూడు. మల్లికార్జున్ పక్కన చెంచురామయ్య, సగం సైజులో, కళ్లజోడుతో. రామ్‌దాస్ కింది వరసలోకి వచ్చి చిన్న గుండ్రంలో కూర్చున్నాడు.

"ఒక్క ముక్కా?" అన్నాడు చెంచురామయ్య. "ముందే రాయొచ్చు కదమ్మా."

"మర్చిపోయిన అంకుల్."

చెంచురామయ్య ఉత్తరాన్ని మల్లికార్జున్ చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ రామ్‌దాస్ స్క్రీను వైపు చూశాడు. తన ముఖం అంత చిన్నగా ఉన్నా ఫొటోలో మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే జంపఖానా మడత పెట్టడానికి వంగాడు.

"రామ్‌దాసూ," అని పిలిచాడు చెంచురామయ్య. "ఆ తూము గురించి నేను రెండేళ్లలో తొమ్మిది ఉత్తరాలు రాశాను. నువ్వు ఫోనులో ఏమన్నావయ్యా ఆ ఇంజనీరుతో?"

"ఏమనలే రామయ్యన్నా. నమస్తే, షటరు బిగుసుకపోయింది అన్న. గంతే."

"అంతేనా?"

"ఆఁ. ఎనక నుంచి బర్రె ఒర్రింది, గది కూడ ఇన్నడో ఏమో."

చెంచురామయ్య పక్క కుర్చీ మీద పెట్టిన సంచీ తీసి కింద పెట్టాడు. "ఆ జంపఖానా ఇంకెవరైనా మడతపెడతారు గాని, ఇట్లా వచ్చి కూర్చో. మా పై కాలువ గట్టు తెగేట్టుంది. నేనైతే ఉత్తరం రాస్తాను. నువ్వో ఫోను కొట్టు."

"ఇంజనీరు మళ్ల ఫ్లెక్సీ ముచ్చట అడిగితే నేను పదో నంబరని చెప్పాల్నా?" అన్నాడు రామ్‌దాస్, కూర్చోవాలో వద్దో తెలియక.

"నంబరు అడిగితే చెప్పు. అడక్కపోతే గట్టు సంగతి ఒక్కటే చెప్పు," అన్నాడు చెంచురామయ్య.

రామ్‌దాస్ కూర్చుని ఫోను తీశాడు. అవతల మోగుతుండగానే మల్లికార్జున్ అద్దాలు వెతికి పెట్టుకుని, అతని ముఖంలోకి మొదటిసారి తేరిపార చూసి, పక్కనున్న సభ్యుణ్ని మెల్లగా అడిగాడు.

"ఈయన ఇంటిపేరేంది?"