దాహానికి రెండో థీసిస్

ఆపరేషన్ కాన్పు అయి పడుకున్న పిల్ల పెదాలు ఎండిపోయాయి. పక్కనే కూర్చున్న వాళ్ళక్క తడి దూదితో అద్దుతోంది. పీజీ చదివే అమ్మాయి అంటించిన కవర్లు పట్టుకుని మంచం దగ్గర నిలబడింది.

"ఇందులో చీటీని బట్టి మీ చెల్లెలికి ఇప్పుడే మంచినీళ్ళిస్తాం, లేదంటే ఇక్కడ అందరికీ చేసినట్టే రేపటిదాకా ఆపుతాం. దీనిమీదే నా థీసిస్" అంది.

అక్క దూది పక్కన పెట్టింది.

"నా కాన్పప్పుడూ ఇలాగే చీటీ తీశారు. నాకు రేపటిదే వచ్చింది. నాలుక పిడచగట్టుకుపోయింది. తర్వాత వచ్చే తల్లులకు మేలు జరుగుతుందన్నారని ఓర్చుకున్నాను." రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మను పోల్చుకుంది. "ఆ చీటీ తీసింది మీరే కదమ్మా. ఏం తేలింది?"

తేలకేం, నిక్షేపంగా తేలింది. ముందే నీళ్ళు తాగిన తల్లులకు ఏ హానీ జరగలేదు, పైగా త్వరగా లేచి తిరిగారు. అప్పట్లో పీజీ చదువుతున్న డాక్టరమ్మ అదంతా థీసిస్‌లో రాసి గట్టెక్కింది. వ్యాసంగా కుదించి, విభాగాధిపతి పెద్దసారు చేతికీ ఇచ్చింది. ఆయన సంతకం లేనిదే ఏ వైద్య జర్నల్‌కూ ఏదీ వెళ్ళకూడదని ఆయనే పెట్టిన రూలు. "చూస్తానమ్మా" అన్నారు. ఏళ్ళు గడిచినా ఆయన చూడటం పూర్తికాలేదు.

ఆయన బీరువాలో ఇలా మగ్గుతున్నవి ఇంకెన్నో. ఈ విభాగం థీసిస్‌లలో జర్నల్ మొహం చూసినవాటిని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ రోగుల్ని నానా యాతనా పెట్టి, డాక్టర్లకు డిగ్రీలిప్పించి, ఊరుకున్నాయి. ఇప్పుడు అదే ప్రశ్నకు పేరు కాస్త అటూ ఇటూ మార్చి ఇంకో పీజీ అమ్మాయికి అంటగట్టారు మహానుభావులు. డాక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో పెద్దసారే వచ్చారు. "ఇంకా ఆలస్యమేమిటి? కవరు విప్పమ్మా."

"విప్పొద్దు సార్. దీనికి జవాబు నా థీసిస్‌లో ఉంది."

ఆయన నవ్వారు. "నువ్వు పాసయ్యావుగా. ఈ అమ్మాయినీ పాసవనీ. ఎవరి థీసిస్ వాళ్ళది."

"మరి దాహం ఎవరిది సార్?"

"పేషెంట్ల ముందా ఈ మాటలు?"

"మేలు జరుగుతుందని మాటిచ్చింది వాళ్ళకే కదా. ఆ వ్యాసం ఇవాళే పంపుతున్నాను. సంతకం పెడితే మీ పేరుంటుంది, లేకపోతే ఉండదు."

"ఆ తర్వాత ఇక్కడ నీ ఉద్యోగం ఉండాలి కదమ్మా" అనేసి ఆయన వెళ్ళిపోయారు.

డాక్టరమ్మ చార్టు చూసింది. కడుపు నొక్కి చూసింది. గ్లాసులో నీళ్ళు పోసి, పిల్ల తల కాస్త ఎత్తి, గుక్క గుక్కగా తాగించింది. అక్క ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"అంటే అప్పుడే తేలిందన్నమాట" అంది. "నా తర్వాత ఈ మంచాలమీద పడుకున్న వాళ్ళందరూ ఊరికే నోరెండబెట్టుకున్నారన్నమాట."

"అవునమ్మా" అంది డాక్టరమ్మ, తల దించుకుని.

పక్క మంచం మీద, ఆపరేషన్ కాన్పే అయిన ఇంకో ఆవిడ ఇదంతా వింటూనే ఉంది. పొడారిన గొంతుతో అడిగింది.

"మరి నాకెందుకివ్వట్లేదమ్మా?"