అత్తయ్య వినేది

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. కవిత్వం పెళ్లికి ముందునుంచే ఉంది. పెళ్లయ్యాక ఏది రాసినా మొదట అత్తయ్యే వినేది. బట్టలు మడతపెడుతూ నచ్చినచోట "ఊఁ" అనేది. నచ్చకపోతే "ఇది నీ మాట కాదే, ఎక్కడో విన్నావు" అని మొహమ్మీదే అనేసేది. ఆ వాక్యాన్ని కోడలు మారుమాట్లాడకుండా కొట్టేసేది. భర్త మొదట్లో ఒకసారి విని నవ్వాడు. ఆమె మళ్లీ అతనికి వినిపించలేదు.

తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. సామాన్లు పంచుకున్నారు. అత్తయ్యని పంచుకునే దారి ఎవరికీ తోచలేదు.

మొన్న ఆదివారం లైబ్రరీ హాల్లో ఆమె కవితలు చదివింది. హాలు నిండిపోయింది. ఒక కవిత మధ్యలో అలవాటుగా ఆగి, చెవి ఒగ్గింది. మరిచిపోయిందనుకుని ఎవరో మంచినీళ్లు అందించారు. మిగతాది గబగబా చదివేసింది. చప్పట్లు మోగిపోయాయి. "అదరగొట్టేశారు మేడం" అన్నాడొకాయన. ఏ వాక్యం నచ్చిందో అడగాలనిపించింది గానీ నోరు రాలేదు.

మర్నాడు సాయంత్రం వంటల వేళ అత్తగారింటికి ఫోన్ చేసింది. మాజీ భర్తే ఎత్తాడు.

"అత్తయ్య ఉన్నారా?" అనేసి నాలిక్కరుచుకుంది. ఇప్పుడా పిలుపు చెల్లుతుందో లేదో.

"అమ్మా, నీకే" అని వినబడింది.

"ఏమే, రాయడం మానేశావా?" అంది అత్తయ్య.

"లేదత్తయ్యా. వినేవాళ్లు కూడా బోలెడుమంది." "మీరే లేరు."

"నేనెక్కడికి పోయానే? ఏదీ, చదువు. ఉండుండు, సరిగా వినబడి చావట్లేదు. ఒరేయ్, ఆ స్పీకరేదో నొక్కు!"

"ఆయన కూడా అక్కడే ఉన్నారా?"

"ఉన్నాడు. కూరగాయలు తరుగుతున్నాడు. విననీలే."

చేతిలో ఉన్న కవిత అతని గురించే. ఇంకోటి తియ్యొచ్చు. ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుని, దాన్నే చదివింది. ఎక్కడా ఆగలేదు. అయిపోయాక అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు వినబడ్డాయి.

"అత్తయ్యా?"

"ఉన్నానే. వాడే లేచి బయటికెళ్లాడు." మెల్లగా అంది: "చివరిదాకా విన్నాకే వెళ్లాడులే."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.