ఆవం మూతి మీద నోటీసు

కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతోంది కానీ, ఆ గాలి జడ్జిగారి బల్ల దాటి రావడం లేదు. వెనక బెంచీ మీద నిప్పులత్త చెంగుతో విసురుకుంటూ కూర్చుంది. కుమ్మరి వీధిలో కుండలు కాల్చే ఆవానికి నిప్పుపెట్టేది ఆవిడే. మాటకి మాట తగలేసేదీ ఆవిడే. పక్కన వీధి తరఫున కేసు వేసిన మరిది చేతులు కట్టుకుని, ఉన్నవాడు లేనట్టుగా ఒదిగిపోయాడు. ఆ ఒదగడం చూస్తేనే ఆవిడకి ఒళ్ళు మండుతోంది.

తాతల నాటి నుంచీ పట్నానికి హద్దు కాలవ. కాలవకి ఇవతల పన్నెండు కుమ్మరి ఇళ్ళు, అందరికీ కలిపి ఒక ఆవం. కిందటేడు మునిసిపాలిటీ హద్దు మార్చింది. కొత్త గీత కాలవ దాటొచ్చి, ఆ పన్నెండు ఇళ్ళనీ మెడపట్టి లోపలికి లాక్కుని, ఆనుకునే ఉన్న ఇటుకల ఫ్యాక్టరీని మాత్రం మర్యాదగా బయట వదిలేసి వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీ గొట్టం పొద్దస్తమానం కక్కినా అది ఊరిబయటి పొగ. వీళ్ళ ఆవం నెలకోసారి వెలిగినా ఊళ్ళో పొగ, నిషేధం. గీత గీసినవాడికి కళ్ళు లేవనుకుంటే పొరపాటే. కావలసినవాళ్ళని చూసుకునేటన్ని ఉన్నాయి.

మునిసిపాలిటీ వకీలు లేచాడు.

"అభ్యంతరాలకి ముప్పై రోజులు గడువిచ్చామండీ. నోటీసు వాళ్ళ వీధిలోనే అంటించాం. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడొచ్చి అన్యాయం అంటే ఎలా?" అంటూ ఒక ఫొటో పైకిచ్చాడు.

ఫొటో చేతులు మారి వీళ్ళ ప్లీడరమ్మ దగ్గరికొచ్చింది. ఆవిడ వెనక్కి వంగి, "ఇదెక్కడ అత్తా?" అని చూపించింది.

నిప్పులత్త చూసింది. ఆవం మూతి. కుండలు పేర్చాక మూతిని ఇటుకలతో మూసి, పైన తడిమట్టి మెత్తుతారు. వెనక పొయ్యిలో మంట అందుకున్నాకే ఆవిడ వచ్చి ఆ మట్టి మీద ఐదు వేళ్ళూ పైనుంచి కిందికి లాగుతుంది. ఆవిరి ఆ గీతల్లోంచి పోతుంది, మెత్తు ఊడిపడదు. ఫొటోలో గీతలున్నాయి. వాటి మీద కాగితం ఉంది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరూ పిలవకుండానే లేచింది.

"అయ్యా, ఈ కాగితం ఆ పూటైనా ఉండదండీ!"

"ఎవరమ్మా మీరు?" అన్నాడు జడ్జి.

"ఆ గీతలు గీసినదాన్ని. అవి నా వేళ్ళు. లోపల మంట లేచాకే గీస్తాను. అంటించినప్పుడు గోరువెచ్చగా ఉండుంటుంది, గంట పోతే చెయ్యి పెట్టినవాడికి బొబ్బలెక్కుతాయి, కాగితం మాడి రాలిపోతుంది. మేమంతా వెనక పొయ్యి దగ్గరుంటాం. మూడోరోజు దాకా ఇటు తొంగిచూడం. పన్నెండు ఇళ్ళకి పన్నెండు తలుపులున్నాయే! వకీలుగారూ, మీవాడికి కాలే గోడే దొరికిందా?"

వకీలు కాగితాలు తిరగేశాడు. "రూల్లో అంటించాలనే ఉందండీ. ఎంతసేపు ఉండాలో..."

"కూర్చోండి," అన్నాడు జడ్జి.

అభ్యంతరాలు మళ్ళీ వినాలన్నాడు. తీర్పు వచ్చేదాకా ఆవాన్ని ఎవరూ కూల్చకూడదు, ఎవరూ వెలిగించకూడదు. వాయిదా నాలుగు నెలలకి.

"నాలుగు నెలలా? పాకలో నాలుగొందల పచ్చికుండలున్నాయండీ, వానలు..." అని నిప్పులత్త అంటూనే ఉంది. గుమాస్తా తరవాతి కేసు పిలిచేశాడు.

వరండాలో ప్లీడరమ్మ చెయ్యి పట్టుకుంది. "గెలిచినట్టే అత్తా. కానీ ఆవం మాత్రం ముట్టించకండి. ముట్టిస్తే ఇవాళ గెలిచింది కూడా పోతుంది."

అత్తకి ప్లీడరమ్మ మీద కోపం లేదు. ఆ పిల్ల చెప్పింది నిజమే, అందుకే మరీ కడుపు మండింది.

మూడోరోజు పొద్దున్నే వాన దంచికొట్టింది. పాకలోకి జల్లు కొట్టి కింది వరస కుండలు మెత్తబడ్డాయి. ఒకదాని అంచు పట్టుకుంటే ముద్దగా చేతిలోకి వచ్చేసింది. నెలరోజుల చాకిరీ. ఆవిడ ఆ ముద్దని నేలకేసి కొట్టింది. వాన తెరిపివ్వగానే కాస్త గట్టిగా ఉన్నవన్నీ ఆవంలో పేర్చడం మొదలుపెట్టింది. వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెయ్యేశారు.

మరిది పరుగెత్తుకొచ్చాడు. "వదినా, నీకేమైనా మతిపోయిందా? కేసు కాగితం మీద సంతకం పెట్టింది నేను! కేసు పోతుంది!"

"కేసు గెలిచేనాటికి కాల్చడానికి ఏం మిగుల్తుందిరా? నాలుగు నెలలు చక్రం తిప్పకుండా కూర్చుంటే కుర్రాళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఇటుకలు మోయడానికి పోతారు. అప్పుడు ఎవరికోసంరా ఆవం?"

అతను వెళ్ళి గోడకి ఆనుకున్నాడు. ఆవిడ పొయ్యి ముట్టించింది.

సాయంత్రానికి పొగ చూసి మునిసిపాలిటీ జీపు వచ్చింది. దిగిన అధికారి ఫొటోలు తీసుకుని, "ఎవరు వెలిగించారు?" అని గద్దించాడు.

"నేనే," అంది నిప్పులత్త లేవకుండానే. "తీసుకెళ్తే తీసుకెళ్ళండి. కానీ మూడురోజులాగి రండి. మంట మధ్యలో వదిలేస్తే కుండలన్నీ పగుల్తాయి."

"ఇప్పుడే ఆర్పండి!"

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ మరిది కదిలాడు. జీపుకేసి వెళ్తున్నాడనుకుంది ఆవిడ. అతను అధికారిని తప్పుకుని నడిచి, కట్టెలమోపు భుజాన వేసుకొచ్చి పొయ్యి దగ్గర దించాడు.

"ఈ నిప్పు కింద రెండో సంతకం కూడా నాదే, రాసుకోండి సార్," అని వదిన చేతికి కట్టె అందించాడు.