బాల్కనీలో మధ్య కుర్చీ

నేను ఒక సినిమా హాలు కుర్చీని. అమలాపురంలో, బాల్కనీ మూడో వరుసలో, సరిగ్గా మధ్యన ఉండేదాన్ని. రాజమండ్రి వడ్రంగి ఒకాయన టేకు చేతులు పెట్టి నన్ను చేశాడు. మొదటి యజమాని ఎర్ర రెక్సిను తొడిగించాడు. హాలు కొనుక్కున్న రెండో ఆయన అది చిరిగితే నీలం ముక్క అతికించాడు. ఇప్పుడు పాతసామాన్ల కొట్టు వెనక వానకి తడుస్తున్నాను. మనుషుల్ని ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు. చీకట్లో ముఖాలు ఎలాగూ కనపడవు కాబట్టి మడమలూ అరచేతులూ చెప్పేదే వింటాను.

కుసుమ మ్యాట్నీకి వచ్చిన రోజు నా అనుమానం రెండింతలైంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. గట్టిగా నవ్వితే చెయ్యి చేసుకునే మొగుణ్ణి వదిలేసి నాలుగేళ్ళయిందట. ఇప్పుడు వీర్రాజని, కొబ్బరికాయల వ్యాపారి సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో కాఫీ తాగి లేచిపోతే మనిషేం తెలుస్తాడని పెద్దమ్మ మంగతాయారు ఇద్దర్నీ సినిమాకి లాక్కొచ్చింది. ఆట అయ్యేసరికి కుసుమ అవునో కాదో చెప్పాలి. మధ్యలో పెద్దవాళ్ళుండాలి గనక పెద్దమ్మ నాలో కూర్చుంది.

"దెయ్యాలంటే నాకు లెక్కలేదండి," అన్నాడు వీర్రాజు. వీడు కోతలు కోస్తున్నాడనుకున్నాను.

సినిమాలో పెళ్ళికాకుండా చచ్చిపోయిన దెయ్యం, తన ఇంట్లో అద్దెకు దిగిన కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. ఆ హీరోయిను మహా గడుసుది. కళ్ళెత్తితే హాలు బిగుసుకుపోయేది, అవే కళ్ళు సిగ్గుతో దించితే జనం పడీపడీ నవ్వేవారు.

దెయ్యం గోడ మీద పాకగానే పెద్దమ్మ కెవ్వుమంది. "బాబోయ్, నావల్ల కాదు నాయనా! నేను చివరికెళ్ళి కూర్చుంటా, నువ్విలా జరుగు," అని వీర్రాజుని నాలోకి నెట్టింది. నిజంగా భయపడ్డవాళ్ళ కాళ్ళు నేలమీద ఆగవు. ఆవిడ మడమలు అంగుళం కదల్లేదు. చివరి కుర్చీలో వేరుశెనక్కాయలు వలిచే చప్పుడు దెయ్యం అరుపుల్లో కూడా ఆగలేదు. తెరమీది హీరోయిను ఈవిడ దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

దెయ్యం ఒళ్ళు ఇటు, తల అటు తిప్పి కాబోయే అత్తగారికి నమస్కారం పెట్టింది. కుసుమ పకపకా నవ్వేసింది. మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అతని వైపు తిరిగింది. నా చేతి మీద ఉన్న ఆవిడ రెండో చేతి వేళ్ళు చల్లబడిపోయాయి. వీడేం చేస్తాడోనని నాకూ గుబులే.

వీర్రాజు రెండు కాళ్ళూ నా మీదికి లాక్కుని ముడుచుకున్నాడు. అతని అరచేతుల చెమటకి నా టేకు తడిసిపోయింది.

"ఆపకండి," అన్నాడు. "ఇందాక అబద్ధం చెప్పానండి. మీరలా నవ్వుతుంటేనే కాస్త ధైర్యంగా ఉందండి."

కుసుమ చెయ్యి దించింది. ఆ తరవాత దెయ్యం వచ్చినప్పుడల్లా ముందు వరుసలవాళ్ళు తిరిగి చూసేలా నవ్వింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

దీపాలు వెలగ్గానే పెద్దమ్మ గబగబా వచ్చి, "ఏమంటావే?" అని చెవిలో అడిగింది.

"నువ్వింటికెళ్ళు పెద్దమ్మా," అంది కుసుమ. "కళ్ళు మూసుకుని ఈయన సగం సినిమా చూళ్ళేదంట. మేం ఫస్ట్ షో కూడా చూసొస్తాం."