రేవుకు ఎన్నింటికి బయల్దేరాలి

ఓడ ఎక్కడానికి ఎన్నింటికి వెళ్ళాలన్న దాని మీద ఆ మొగుడూ పెళ్ళాలకు వారం రోజులుగా పడట్లేదు. మధ్యాహ్నం నుంచి నాలుగింటి లోపు ఎప్పుడొచ్చినా ఎక్కించుకుంటామని టికెట్టు మీద రాసుంది. ఆయనేమో పొద్దున్నే వెళ్ళి కూచుందామంటాడు. ఆవిడేమో మూడింటికి వెళ్తే చాలదా అంటుంది.

ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ అందరూ డ్రైవరు గారనే అంటారు. బస్సు వెనక చేతులూపుకుంటూ పరుగెత్తుకొచ్చే వాళ్ళను అద్దంలో చూస్తూనే గేరు మార్చేసేవాడు. టైమంటే టైమే. టికెట్లు కొన్న రోజు నుంచి ఆ అద్దంలో తనే పరుగెత్తుతున్నట్టు కలలొస్తున్నాయి. ఆవిడ పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో నర్సు. అక్కడ గోడ గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు.

"పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని పొద్దున్నుంచీ ఏం చేస్తామండీ? మనం కనిపించలేదని ఓడ అలిగి ముందే వెళ్ళిపోతుందా?"

"దారిలో లారీ అడ్డం పడితే? టైరు పంక్చరైతే?"

"సరే, ఒంటిగంటకి. ఇంక ఈ మాటెత్తితే నేను రానే రాను" అని ఆవిడే తేల్చేసింది.

తీరా ప్రయాణం నాడే ఆవిడకు పొద్దుటి డ్యూటీ పడింది. భోజనాల వేళకు వదిలేస్తామన్నారు. ఆయన టాక్సీలో పెట్టెలు వేసుకుని ఆసుపత్రి గేటు దగ్గర కాచుక్కూచున్నాడు. ఎంతసేపు చూసినా ఆవిడ జాడ లేదు. ఫోను ఎత్తలేదు. ఇక ఆగలేక పైకి వెళ్ళి వార్డు తలుపు తట్టాడు.

చెమటలు కక్కుతూ ఆవిడే వచ్చింది. "తొలి కాన్పండీ. పాపం, వెంట ఒక్క మనిషి కూడా లేరు. నా చెయ్యి పట్టుకుని వదలట్లేదు."

"వేరే నర్సులు లేరా?"

"ఉన్నారు. ఆ పిల్ల నా చెయ్యే పట్టుకుంది." లోపల్నుంచి కేక వినిపించేసరికి ఆవిడ సగం వెనక్కి తిరిగింది. "మీరు పెట్టెలు తీసుకుని పదండి. నేను వెనకే వచ్చేస్తా."

ఆయన తిట్టేలోపే తలుపు మూసేసుకుంది.

రేవులో జనం బారులు తీరి ఉన్నారు. గేటు పక్క షెడ్డులో ఓ కూలీ ఎదురొచ్చాడు. "సామాను ఇక్కడిచ్చేయండి సార్, తిన్నగా మీ గదికే వస్తుంది." ఒక పనైనా ముందే అయిందనిపించి, ఆయన రెండు పెట్టెలూ అప్పజెప్పేశాడు. ఆ తర్వాత హాల్లో కూచున్నాడు, లేచాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ కూచున్నాడు. తన వెనకొచ్చిన వాళ్ళు కూడా లోపలికి వెళ్ళిపోతున్నారు. పక్క కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే ఆయన వీధి గుమ్మం వైపే చూస్తున్నాడు.

ఫోను మోగింది.

"ఆడపిల్లండీ! తల్లీ బిడ్డా క్షేమం. టాక్సీ ఎక్కేశా. నా నీలం పెట్టెలో పైనే పాస్‌పోర్టు ఉంది, తీసి చేతిలో పట్టుకుని ఉండండి. రాగానే దూరిపోదాం."

ఆయన ఫోను పెట్టేసి షెడ్డుకు పరుగెత్తాడు. ఎన్నేళ్ళయిందో పరుగెత్తి, మోకాళ్ళు గోల పెట్టాయి.

"ఆ బండి వెళ్ళిపోయింది సార్" అన్నాడు కూలీ.

"పాస్‌పోర్టు దాంట్లో ఉందయ్యా! మా ఆవిడది!"

కూలీ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, షెడ్డు ఇన్‌చార్జిని కేకేశాడు. ఆ ఇన్‌చార్జి వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడి, "ఇంకా ఓడలోకి ఎక్కించలేదట. కానీ పెట్టెల గుట్టల్లో వెతకాలి. దొరికితే మీ అదృష్టం" అంది. కూలీ వెతకడానికి వెళ్ళాడు. అడ్డంగా కట్టిన పసుపు రంగు గొలుసు అవతలికి ఆయన్ను మాత్రం రానివ్వలేదు. గొలుసు పట్టుకుని అక్కడే అటూ ఇటూ తిరిగాడు.

ఆవిడ నర్సు యూనిఫాంతోనే టాక్సీ దిగింది. జుట్టు చెదిరిపోయి ఉంది. ఆయన వాలకం చూడగానే, "ఏమైంది?" అంది.

"పెట్టెలు ముందే ఇచ్చేశాను. నీదీ."

"మీ తొందర తగలెయ్య!" అందావిడ. మరుక్షణమే, "నా బుద్ధి తక్కువ. వార్డు గుమ్మంలోనే చెప్పాల్సింది" అంది.

"చెప్పే తీరిక ఎక్కడుంది నీకు?" అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదది. ఇద్దరూ గొలుసు పట్టుకుని గుట్టల వైపే చూస్తూ నిలబడ్డారు.

హాల్లో మైకులో చివరి పిలుపు పిలిచారు. అప్పుడు కనిపించాడు కూలీ, నీలం పెట్టెను నెత్తిన పెట్టుకుని పరుగున వస్తూ. ఆయన జిప్పు లాగబోతే అది ఇరుక్కుంది. ఆవిడ ఆయన చేతిని పక్కకు నెట్టి, ఒక్క గుంజుతో తెరిచి పాస్‌పోర్టు తీసింది. కూలీకి దండం పెట్టి పెట్టెను వాడికే వదిలేసి కౌంటరు దగ్గరికి ఉరికారు. గేటు మూయబోతున్న మనిషి వాళ్ళను చూసి ఆగాడు. ఆయన ఆ మనిషి మొహంలోకి చూడలేకపోయాడు. తల వంచుకుని లోపలికి నడిచాడు.

పైన డెక్కు మీద కుర్చీ కనపడగానే ఆవిడ కూలబడి చెప్పులు విడిచింది. ఓడ తాళ్ళు విప్పకముందే గుర్రు మొదలైంది. ఊరు వెనక్కి జరుగుతుంటే చూపిద్దామని ఆయన భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కూచున్నాడు, మళ్ళీ లేచాడు. ఊళ్ళోని ఆఖరి మేడ కూడా కనుమరుగయ్యాక గానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు.