కప్పగొడుగు@47

మా ఆసుపత్రిలో పనిచేసేది తొంభైమంది. అందులో ఇరవై ఒక్కమంది పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలు. పదహారుమందిది వాళ్ళ ఫోన్ నంబరే. ఊహించి చూసే చిన్న ప్రోగ్రామొకటి రాసి వదిలితే, టీ చల్లారేలోపు ఈ జాబితా నా ముందుంది. ఊళ్ళోవాళ్ళ జబ్బులన్నీ దాచిన సాఫ్ట్‌వేర్‌కి వీళ్ళు వేసిన తాళాలు ఇవి.

శుక్రవారం తనిఖీ. ఒక్క బలహీనమైన పాస్‌వర్డ్ దొరికినా నేను రాసిన సాఫ్ట్‌వేర్‌ని వెనక్కి పంపేస్తారు. రెండేళ్ళుగా రేపు మాపు అంటున్న నా పర్మనెంటు ఉద్యోగం కూడా దానితోపాటే పోతుంది. ఒళ్ళు మండదూ మరి?

కూర్చుని కొత్త షరతులు రాశాను. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలకు తగ్గకూడదు, అంకె ఉండాలి, ఒక గుర్తు ఉండాలి. అర్థం కాదేమోనని పాస్‌వర్డ్ కొట్టే పెట్టె కిందే ఉదాహరణ కూడా ఇచ్చాను: కప్పగొడుగు@47. రోజుకి నలభైసార్లు లాగిన్ అయ్యేదాన్ని కాబట్టి నా ఒక్క ఖాతాకి ఆ షరతులు తగలకుండా సాఫ్ట్‌వేర్‌లో ఒక లైను రాసుకున్నాను. పనయ్యాక తీసేద్దామనుకున్నాను.

గురువారం పొద్దున చూస్తే తొంభైమందీ పాసు. అంత సుఖం నాకు రాసిపెట్టి లేదే అని అనుమానమొచ్చి, ఊహించే ప్రోగ్రాముకి నా ఉదాహరణే ఇచ్చి చూశాను. యాభై ఎనిమిదిమంది తాళాలు తెరుచుకున్నాయి.

తల పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగాను. ఒక్కొక్కరి పక్కనా నిలబడి మార్పించాను. చివరికి రికార్డుల గదికి వచ్చేసరికి నా ఓపిక అడుగంటింది. అక్కడుండే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు.

"కప్పగొడుగు ఎందుకు పెట్టారు బాబాయ్?"

"నువ్వే కదమ్మా గట్టిదని రాశావు. నా బుర్ర కంటే నీ బుర్ర నమ్ముకోవడం మేలనుకున్నా."

"అది చూసి నేర్చుకోడానికి రాశాను, ఎత్తి రాసుకోడానికి కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? మీ ఒక్కరి వల్ల ఆసుపత్రంతా మునిగితే ఎవరిది బాధ్యత?"

ఫైళ్ళ కోసం వచ్చిన నర్సులు నలుగురు వింటున్నారు. బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొత్తది కొట్టాడు. పావుగంట పట్టింది.

శుక్రవారం తనిఖీకి వచ్చినాయన సమావేశాల గదిలో తన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. అన్ని విభాగాలవాళ్ళూ గోడ వెంబడి నిలబడ్డారు. గంట గడిచాక ఆయన తలెత్తాడు.

"ఒకటి దొరికింది. వరస అంకెలు. ఎవరిది?"

గదిలో అందరి చూపూ బాబాయ్ మీదికి వెళ్ళింది. నా నోటి పుణ్యమే అది.

"నాదే అయ్యుంటుంది సార్," అన్నాడు బాబాయ్ తల దించుకుని. నా వైపు తిరిగి, "సరిగ్గానే కొట్టాననుకున్నానమ్మా. నా మూలంగా నీ ఉద్యోగం..." అని ఆగిపోయాడు.

నేను తెర వైపు చూశాను. అక్కడ పేరు లేదు, ఖాతా నంబరు మాత్రమే ఉంది. ఒకటో నంబరు. సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రోజున తెరిచిన ఖాతా, తీసేద్దామనుకుని తియ్యకుండా వదిలేసిన ఆ లైను. అది ఎవరిదో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. కాసేపు నోరు మూసుకునే ఉన్నాను, ఆ మాట దాచను. బాబాయ్ మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"మీది కాదు బాబాయ్," అన్నాను. "నాది."

తనిఖీ ఆయన ఏదో రాసుకుని ల్యాప్‌టాప్ మూశాడు. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బయటికి నడిచారు. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

బాబాయ్ మాత్రం వెళ్ళలేదు. నా వెంటే నా గదికి వచ్చి, నా కంప్యూటరు ముందుకి కుర్చీ లాగాడు.

"కూర్చోమ్మా, మార్చుకుందువుగాని," అన్నాడు. "పన్నెండు అక్షరాలు. తొందరేం లేదు, నేనుంటా."