గోడ మేకుకి మగ్గు

కుముదినికి తన మీద తనకి మహా మంచి అభిప్రాయం. ఎందుకుండకూడదు మరి? విజయనగరంలో బి.ఏ. చదివింది. మొగుడు పార్థసారథి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. సెక్టారులో క్వార్టరు, పక్క క్వార్టరులో రష్యా వాళ్ళు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, "మా భిలాయిలో ఆ కులం, ఈ జాతి అనేదే లేదమ్మా, అందరూ ప్లాంటు వాళ్ళే" అని చెప్పేది. లేడీస్ క్లబ్బులో ఓసారి లేచి నిలబడి, మనుషులంతా ఒక్కటే అని హిందీలో గడగడా మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకుంది. నిజమనుకునే మాట్లాడింది పాపం. అబద్ధాలాడే మనిషి కాదు.

అంతెందుకు, పక్కింటి రష్యా ఆవిడ వాల్యా మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు కుముదిని తన వెండి గ్లాసులోనే మజ్జిగ ఇచ్చింది. ఆవిడ గ్లాసు కరిచి తాగింది. ఆ తరవాత అదే గ్లాసు తొలిపి తనూ కరిచే తాగింది. చిన్నప్పుడు బామ్మ దగ్గర ఎత్తి పోసుకుని తాగడం తప్ప ఎరగని పిల్ల, ఇక్కడికొచ్చాక అదంతా వదిలేసింది. అప్పుడు అక్కడే ఉన్న అత్తగారు కామాక్షమ్మ చూసి, "రామ రామ" అని కళ్ళు మూసుకుంది. కుముదినికి ఆ రోజు ఎంత గర్వమో!

అయితే పెరటి వరండాలో ఓ మేకుంది. దాని సంగతెత్తితే, "అది మా అత్తగారి చాదస్తం" అనేసేది. పనిమనిషి పోలమ్మకి వేరే మగ్గు ఉండి తీరాలని కామాక్షమ్మే గోల చేసి, వరండా గోడకి మేకు కొట్టించి, ఓ ఎనామిల్ మగ్గు తగిలించి, తన దారిన తను ఊరికి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళి రెండేళ్ళు దాటింది. మేకూ ఉంది, మగ్గూ ఉంది. పోలమ్మకి దాహమైతే ఆ మగ్గు తీసి పట్టుకుంటుంది. కుముదిని కూజాలోంచి పైనించి పోస్తుంది. పోలమ్మ తాగి, కడిగి, మళ్ళీ మేకుకి తగిలించేస్తుంది. ఇందులో ఒకరినొకరు ఒక్క మాటన్నది లేదు. అంతా నవ్వుతూనే జరిగిపోయేది.

పోలమ్మది శ్రీకాకుళం వైపు. మొగుడు ప్లాంటులో కంత్రాటు కూలీ, క్యాంపు వన్‌లో ఒంటిగది కాపురం. ఐదేళ్ళ కూతురు పైడిని వెంటబెట్టుకుని పనికొచ్చేది. కుముదిని కూతురు హైమకీ అదే ఈడు. రెండూ ఒకదాన్ని వదిలి ఒకటి ఉండేవి కావు. పైడి రాని రోజున హైమ అన్నం ముట్టేది కాదు. "చూశారా, పసివాళ్ళకి ఏ భేదాలూ తెలియవు" అని కుముదిని మొగుడితో చెప్పి మురిసిపోయేది.

ఆవిడకున్న చిన్న దిగులల్లా ఒకటే. హైమది అచ్చంగా తండ్రి పోలిక, మంచి నలుపు. ఆదివారాలు సున్నిపిండి పెట్టి ఒళ్ళు ఎర్రబడేలా రుద్దుతూ, "ఎండలో తిరక్కే తల్లీ, పోలమ్మ కూతుర్లా అయిపోతావు" అనేది. ముద్దుకే అనేది లెండి. ఏ తల్లి అనదు ఆ మాట?

మే నెల వచ్చింది. భిలాయి ఎండ సంగతి పడ్డవాళ్ళకే తెలుస్తుంది. వడగాలి తలుపు సందుల్లోంచి దూరి మరీ కొడుతుంది. ఆ రోజు పొద్దున్నే కిటికీలకి రంగు వెయ్యడానికి పెయింటరొచ్చాడు. "రంగు కలుపుకోడానికి ఏదైనా డబ్బా ఇప్పించండి బెహన్‌జీ" అన్నాడు. కుముదిని చేతికందిన మగ్గు, మేకు మీదది, తీసి ఇచ్చేసింది. అతను అందులో ఆకుపచ్చ రంగు కలిపి, వీధివైపు కిటికీలు రెండు వేసి, ఎండ ముదరగానే మిగతావి రేపంటూ వెళ్ళిపోయాడు. మగ్గు రంగుతో సహా వీధి అరుగు మీద ఉండిపోయింది.

పోలమ్మ అంట్లు తోమి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మగోరూ, రేసన్ కొట్టుకాడ గోదుమలిత్తన్నారంట. ఎల్లొచ్చేత్తాను. పైడి గుంటనిక్కడే ఒగ్గేసి ఎల్తన్నాను, కూసింత సూత్తుండండి."

"నువ్వెళ్ళిరా, నేను లేనా ఏం?" అంది కుముదిని.

పోలమ్మ వెళ్ళింది. పిల్లలిద్దరూ పెరట్లో మట్టిపిడతలు ముందేసుకుని బువ్వలాట మొదలెట్టారు. కుముదిని వట్టివేళ్ళ తడికె తడిపి, చాప వాల్చుకుని, కాసేపు నడుం వాలుద్దామనుకుంది. ఆ చల్లటి వాసనకి కన్నంటుకుపోయింది.

"అమ్మా, పైడి ఆడట్లేదు." హైమ భుజం పట్టి ఊపుతోంది.

"ఆడకపోతే నువ్వే ఆడుకో, పోవే" అంది కుముదిని కళ్ళు తెరవకుండానే.

"పలకట్లేదు కూడా."

ఆ మాట చెవిలో పడ్డాక ఒక్క క్షణానికి గాని బుర్రకెక్కలేదు. ఎక్కగానే లేచి ఒక్క అంగలో పెరట్లోకి పరిగెత్తింది.

పొద్దుటే నీళ్ళు కట్టేసిన కుళాయి దగ్గర, అంట్లు తోముకునే గచ్చు మీద, నడినెత్తిన ఎండలో పైడి ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. చుట్టూ మట్టిపిడతలు. చేతిలో కొబ్బరిపీచు ముక్క అలాగే ఉంది. ఒళ్ళు ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. పెదవులు పగిలి తెల్లగా ఎండిపోయాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని నల్లగుడ్లు కనబడ్డం లేదు. "ఓరి భగవంతుడా! పైడీ! ఒసే పైడీ!" కుముదిని దాన్ని చంకనేసుకుని వరండాలోకి తీసుకొచ్చి, బిందెడు నీళ్ళూ దాని నెత్తి మీద దిమ్మరించేసింది. తడిగుడ్డతో ఒళ్ళంతా ఒత్తింది.

పైడి కళ్ళు కదిలాయి.

కుముదిని వంటింట్లోకి పరిగెత్తి వెండి గ్లాసు అందుకుని, నీళ్ళలో ఇంత ఉప్పూ పంచదారా పడేసి, పిల్ల పెదవులకి ఆనించింది. ఆ పిల్ల, ప్రాణం గొంతులోకి వచ్చిన పిల్ల, నీళ్ళు తగలగానే పెదవులు బిగించేసింది. తల పక్కకి తిప్పేసుకుంది.

"ఒద్దు… మీ గలాసు… అమ్మ కొడతాది."

కుముదిని కేకేసింది, "ఎవరూ కొట్టరే! తాగవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను, తాగవే!" దవడలు పట్టుకుని బలవంతాన గొంతులో పోసింది. మొదటి గుటక పడ్డాక ఆగలేదు పైడి. గ్లాసు రెండు చేతులా పట్టేసుకుని గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. కాసేపటికి కళ్ళు నిలబడ్డాయి, కుముదిని ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది.

అప్పుడు చూసింది కుముదిని. వరండా నీడలో, గచ్చుకి నాలుగడుగుల్లో, ముక్కాలిపీట మీద కూజా ఉంది. చుట్టూ తడిగుడ్డ, నిండా నీళ్ళు, మూతి మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఐదేళ్ళ పిల్లకి చక్కగా అందే ఎత్తు.

"హైమా! దానికి దాహం వేస్తే నీళ్ళివ్వలేదూ?"

"అడిగిందమ్మా. చాలాసార్లు అడిగింది." హైమ మేకు వైపు చూపించింది. "దాని మగ్గు లేదు. అంతా వెతికాం. మగ్గు దొరికాక తాగుదువుగాని అన్నాను. సరే అంది."

సరే అందట! "ఎండలో ఎందుక్కూర్చుందే అది? నువ్వెక్కడున్నావు?"

"నేను ఇక్కడ నీడలో. నేను నల్లబడిపోతానుగా. అదెలాగూ నల్లదే, దానికేం కాదు." హైమ మొహంలో కుట్ర లేదు, కోపం లేదు. లెక్క సరిగ్గా చేసిన పిల్ల మొహంలా ఉంది. "తెల్లవాళ్ళకి లోపలి గ్లాసు, నల్లవాళ్ళకి మేకు మగ్గు కదమ్మా. వాల్యా ఆంటీకి ఎప్పుడొచ్చినా లోపలిదే ఇస్తావుగా."

"ఎవరు చెప్పారే నీకు? బామ్మా? ఎవరు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తెలుసు."

హైమ దగ్గరకొచ్చి, తల్లి కొంగు వేలికి చుట్టుకుంటూ, చాలా రోజుల్నించీ దాచుకున్న మాటలా చిన్నగా అడిగింది, "అమ్మా, నేను ఇంకొంచెం నల్లబడితే నాక్కూడా మేకు కొడతావా?"

ఒళ్ళో ఒక పిల్ల, ఎదురుగా ఒక పిల్ల. కుముదిని రెండో చేత్తో హైమని దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది. తల్లి ఎందుకేడుస్తోందో తెలియక హైమా ఏడ్చింది. జవాబు మాత్రం పిల్లకి దొరకలేదు.

పొద్దు వాలాక పోలమ్మ గోధుమల మూట నెత్తినెట్టుకుని వచ్చింది. కూతురు అమ్మగారి ఒళ్ళో పడుకుని ఉండడం, పక్కన వెండి గ్లాసు దొర్లి ఉండడం చూసింది. ముందు గ్లాసే చూసింది. "ఓలమ్మో! అమ్మగోరి గలాసు ముట్టీసినావేటే సచ్చినదానా! అమ్మగోరూ, సిన్నగుంట, తెలీదు దానికి. సింతపండెట్టి తోమిచ్చీత్తాను, కోపం సెయ్యకండి."

"పోలమ్మా!" అని అరిచింది కుముదిని. "నీ కూతురు చచ్చి బతికిందే! నేను పడుకున్నాను. అది ఎండలో పడిపోయింది. నన్ను తిట్టవే, నాలుగు తిట్టు!"

పోలమ్మ మూట అక్కడే పడేసింది. కూతురి నుదురూ మెడా తడిమింది. దాన్ని లాక్కుని గుండెకి అదుముకుని ఏడుస్తూ కూలబడిపోయింది. తిట్టు మాత్రం ఒక్కటీ తిట్టలేదు. తిడితే బావుణ్ణని కుముదిని చూస్తూ నిలబడింది.

ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించలేదు. తెల్లారగానే పచ్చడిబండ తీసుకెళ్ళి ఆ మేకుని అటూ ఇటూ కొట్టి ఊడబెరికింది. పెచ్చు ఊడి గోడకి గుంట పడింది. మగ్గు రంగుతో సహా చెత్తకుండీలోకి పోయింది. అత్తగారిని కాదు, ఈసారి తనని తనే తిట్టుకుంది.

పోలమ్మ వచ్చింది. వెనకాలే పైడి, కొంచెం నీరసంగా ఉన్నా నవ్వుతూ. కుముదిని హైమని పిలిచి, "వెండి గ్లాసు తేవే" అంది.

హైమ వంటింట్లోకి వెళ్ళలేదు. వరండాలోకే వెళ్ళింది. గోడకి గుంట పడ్డచోట, సరిగ్గా దాని కింద, నేల మీద పెట్టి ఉంది గ్లాసు. "మేకు లేదుగా, అందుకని కింద పెట్టాను. నిన్న పైడి తాగింది కదా, ఇంక దానిదేగా ఇది."

కుముదిని తమాయించుకుంది. నిన్న దొరకని జవాబు ఇవాళ చేతికందినట్టే అనిపించింది. "కాదమ్మా. అది అందరిదీ. పైడిదీ, నీదీ, నాదీ. ఈ ఇంట్లో ఎవరికీ మేకు లేదు. ఇలా తే, అందులోనే నేను తాగుతాను, చూడు."

"ఇందులోనా?" హైమ కళ్ళు పెద్దవయ్యాయి. పైడి కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. పోలమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

కుముదిని గ్లాసు నిండా నీళ్ళు వంచుకుంది. ఇంతకంటే నిజమైన పని తను జన్మలో చెయ్యలేదనుకుంది. పిల్ల వైపు చూసి నవ్వింది. చెయ్యి పైకి లేచింది, తల వెనక్కి వాలింది, నీళ్ళు సన్నటి ధారలా జానెడు ఎత్తునించి గొంతులో పడ్డాయి. గ్లాసు దించాక గాని తనేం చేసిందో తనకి తెలియలేదు. పెదవి ఎక్కడా అంచుకి తగల్లేదు.

"ఓ, అలాగా!" అంది హైమ, సందేహం తీరిపోయినట్టు.

"కాదే! కాదు, ఆగు! అది చిన్నప్పటి అలవాటే… నేను మళ్ళీ తాగుతాను, ఆగవే!" కుముదిని గాభరాగా కూజా వంచింది. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. గ్లాసు అంచు పెదవులతో గట్టిగా కరిచి పట్టుకుంది. వెండి పంటికి తగిలింది. నీళ్ళు గడ్డం మీంచి జాకెట్టులోకి కారుతున్నా వదలకుండా తాగింది. తాగి, "చూశావా హైమా? చూడవే!" అంది.

హైమ అక్కడ లేదు. పెరట్లో పీటెక్కి నిలబడి ఉంది, చేతిలో బువ్వలాట చెంబు. కింద పైడి గొంతుక్కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టి నోటికి ఆనించుకుంది. హైమ పైనించి ధారగా పోస్తోంది, చెంబు ఎక్కడా తగలనివ్వకుండా, ఎంతో జాగ్రత్తగా.

"అమ్మా, ఇటు చూడు! ఇలా అయితే అసలు మగ్గే అక్కర్లేదు!" అని సంబరంగా అరిచింది హైమ.

"ఇంకొంచెం పొయ్యి" అంది పైడి నవ్వుతూ.